గెలిచిన మర్నాడు

ఆ ఆదివారం చర్చి గంట ఎప్పటికన్నా ఎక్కువసేపు మోగింది. రాజుగారి సైన్యం ఎక్కడో గెలిచిందని లోపల అడుగుపెట్టకముందే ఊరందరికీ అర్థమైపోయింది. గెలుపు వార్త వచ్చిన రోజునే గంట కొట్టే ముసలాయన అలా ఒళ్లు మరిచి తాడు లాగుతాడు.

ఆడవాళ్ల వైపు వెనక బల్ల మీద మాలిన్ కూర్చుంది. సిపాయిల భార్యలు కూర్చునే చోటు అది. పిల్లలిద్దరూ చెరోపక్కన ఆమెకు ఆనుకుని ఉన్నారు. పాస్టరుగారు పైకెక్కి, స్టాక్‌హోం నుంచి వచ్చిన అచ్చు కాగితం విప్పి చదివారు. 1708 జూలైలో, రష్యా వెళ్లే దారిలో ఒక నది దగ్గర, మనవాళ్లు తెల్లవారకముందే వానలో తడుస్తూ, మెడలోతు నీళ్లలో నడిచి అవతలి గట్టెక్కారట. శత్రువు ఫిరంగులు వదిలేసి పరుగు తీశాడట. మన వైపు నష్టం స్వల్పమట. అందుకని ఈ రోజు స్వీడన్ అంతటా దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవాలట. అందరూ లేచి పాట అందుకున్నారు.

మాలిన్ కూడా లేచి పాడింది. యుద్ధం మొదలైన ఈ ఎనిమిదేళ్లలో ఇలా లేచి పాడటం ఎన్నోసారో ఆమెకు గుర్తులేదు. మొట్టమొదటిసారి మాత్రం బాగా గుర్తుంది. అప్పుడు ఆమె మొదటి భర్త యెస్పర్ బతికే ఉన్నాడనుకుని గొంతెత్తి పాడింది. అతను ఆ గెలుపులోనే పోయాడని రెండు నెలల తర్వాత తెలిసింది.

మగవాళ్ల బల్లల మీద ఆమె తమ్ముడు హోకన్ అందరికంటే గట్టిగా పాడుతున్నాడు. ఇరవై ఏళ్లవాడు. నీళ్లలోంచి గట్టెక్కినవాళ్లలో తానూ ఉన్నట్టే వాడి మొహం వెలిగిపోతోంది.

ప్రార్థన అయ్యాక చర్చి గోడ దగ్గర జనం గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఇంకొక్క దెబ్బ చాలు, క్రిస్మస్ మాస్కోలోనే అంటున్నారు. పెద్ద రైతు యోన్స్ ఆ గుంపులోంచి విడివడి మాలిన్ దగ్గరకు వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. సిపాయి భార్య ముందు పెద్ద రైతు టోపీ తీయడం మాలిన్ అంతకుముందు ఒక్కసారే చూసింది.

"రెజిమెంటు నుంచి కాగితం వచ్చిందమ్మా. నలభై ఒకటో నంబరు ఖాళీ అయిందట. సెప్టెంబరు చివర మైకేల్ పండగ దాటిన వారానికల్లా కొత్త మనిషిని చూపించమన్నారు."

"మా ఆయన టూవె పేరు రాశారా బాబాయ్?"

"పేర్లు రాయరు. నంబరే రాస్తారు."

మాలిన్ వంగి చిన్నదాని తలగుడ్డ సరిచేసింది. అది సరిగ్గానే ఉంది. మళ్లీ విప్పి మళ్లీ కట్టింది.

ఆ దేశంలో ఏర్పాటు అలాంటిది. నాలుగేసి పొలాల ఇళ్లు ఒక జట్టు. జట్టుకో సిపాయి. అతనికి ఒక పాక, కాస్త నేల ఇచ్చి పోషించాలి. ఒకడు పోతే నెలల్లో ఇంకొకణ్ణి నిలబెట్టాలి. పాకకు ఒక నంబరు, ఆ నంబరుకు సైన్యం పెట్టిన ఒక పేరు. నలభై ఒకటో పాకలోకి ఎవడొచ్చినా వాడు మూదిగ్ అవుతాడు, అంటే ధైర్యవంతుడు. యెస్పర్ మూదిగ్ పోయాక టూవె అనేవాడు వచ్చి టూవె మూదిగ్ అయ్యాడు. పాక సిపాయిదే కాబట్టి చచ్చిన సిపాయి పెళ్లాం ఖాళీ చెయ్యాలి, లేదా వచ్చినవాణ్ణి కట్టుకోవాలి. ఒళ్లో పసిబిడ్డతో మాలిన్ కట్టుకుంది. అతను మంచివాడని తర్వాత తెలిసింది. ఒక చలికాలం ఉన్నాడు. పెరట్లో బావి చుట్టూ రాళ్లు పేర్చాడు, ఒక కూతుర్నిచ్చాడు, వెళ్లాడు.

గురువారం యోన్స్ వంటింట్లో నాలుగిళ్ల పెద్దలూ కూర్చున్నారు. మాలిన్‌నీ హోకన్‌నీ కూడా పిలిచారు. బల్ల మీద బీరూ రొట్టే పెట్టి, అసలు మాట ఎవరూ ఎత్తకుండా కాసేపు రై పంట గురించి మాట్లాడుకున్నారు. తర్వాత యోన్సే కదిపాడు. నాలుగిళ్లలోనూ ఇప్పుడు వయసొచ్చిన మగపిల్లలు ఇద్దరే. ఒకడు యోన్స్ కొడుకు మాట్స్, ఇంటికి ఒక్కడు. రెండోవాడు ఆరేళ్లుగా ఆ ఇంట్లోనే పాలేరుగా ఉన్న హోకన్. హోకన్ ఒప్పుకుంటే పాక అతనిదవుతుంది. అక్క అని మాలిన్‌ని అందులోనే ఉంచుకోవచ్చు, పిల్లలు వీధిన పడరు. ఒక ఆవుదూడ ఇస్తారు, కొత్త బూట్లు కుట్టిస్తారు. ఆదివారం పాస్టరుగారి ఎదుట చేతిలో చెయ్యి వేస్తే చాలు.

ఆ మాటలంటున్నప్పుడు నాలుగిళ్లవాళ్లూ మోసం చేస్తున్నట్టు లేరు. యుద్ధం చివరికొచ్చిందని వాళ్లు నిజంగానే నమ్ముతున్నారు. పీఠం మీంచి చదివిన ప్రతి కాగితమూ గెలుపు కాగితమే. ఇన్ని గెలిచాక ఇంకేం మిగిలి ఉంటుంది? కుర్రాడు ఊరికే ఓ చుట్టు తిరిగి వస్తాడు.

దారిలో హోకన్ హుషారుగా నడుస్తున్నాడు. అక్క వెనకబడితే ఆగి, మళ్లీ ముందుకు పోతున్నాడు.

"చలికాలం ముంగిట ఇద్దరు పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోతావక్కా? నేను సరే అంటే నీ పాక నీకుంటుంది."

"నా సంగతి నేను చూసుకుంటా. నువ్వు వద్దను."

"ఎందుకనాలి? మనవాళ్లు ఓడిందెప్పుడో ఒక్కటి చెప్పు. నేను నడిచి అక్కడికి చేరేసరికి అంతా అయిపోయుంటుంది. రష్యావాడి బొచ్చు టోపీ ఒకటి పెట్టుకుని తిరిగొస్తా. అప్పుడు చూడు, యోన్స్ బాబాయే నాకు టోపీ తీస్తాడు."

వాడికి జవాబు చెప్పగలిగినవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు.

కార్పొరల్ అర్విద్ చర్చి వెనక గుడిసెలో ఉంటాడు. పోలండు మంచులో జరిగిన పెద్ద గెలుపులో ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఇప్పుడు చెక్క గరిటెలు చెక్కి అమ్ముకుంటాడు. గెలుపు పాట పాడే ఆదివారాలు అతను చర్చికి రాడు. కొయ్యకాలుతో అన్నిసార్లు లేచి కూర్చోవడం కష్టమంటాడు. శుక్రవారం మధ్యాహ్నం మాలిన్ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలోంచి టూవె ఉత్తరం తీసి ఇచ్చింది. సైన్యంలోని రాతగాడి చేత రాయించిన ఉత్తరం, వేసవిలో వచ్చింది. ఆమె అచ్చు చదవగలదు గానీ చేతిరాత చదవలేదు. అప్పుడూ అర్విదే చదివి పెట్టాడు.

అర్విద్ గరిటె పక్కన పెట్టి ఉత్తరం మళ్లీ పైకి చదివాడు: మేం వెళ్లే ముందే ఊళ్లు తగలబడి ఉంటున్నాయి. రైతులు గింజలు నేలలో పాతిపెట్టి పోతున్నారు, కత్తులతో గుచ్చి వెతుక్కుంటున్నాం. వెనక మన బాల్టిక్ తీరం నుంచి వేల బండ్లలో తిండి వస్తోందంటున్నారు. అవి వచ్చేదాకా ఆగుతామో లేదో తెలియదు. చిన్నదానికి పాలపళ్లు ఊడాయా?

"ఈ ఉత్తరం రాశాకే కదా నది దాటి గెలిచారు," అన్నాడు హోకన్.

"దాటారు. బండ్లు దాటాయా?"

"నాకెలా తెలుస్తుంది?"

"కాగితంలో చదవలేదుగా? బండ్లు వచ్చుంటే చదివేవారు."

హోకన్ నవ్వాడు. కాలు పోయినవాడికి లోకమంతా కుంటుతున్నట్టే కనబడుతుందని ఒక మాట విసిరాడు. మాలిన్ వాణ్ణి కసిరింది. అర్విద్ మాత్రం నొచ్చుకోలేదు. కొయ్యకాలు ముందుకు చాపి, దాని మీద కత్తితో చిన్నగా కొట్టాడు.

"ఇది పోయిన రోజు మేం గెలిచాం రా. రెండు గంటల్లో. అంత చక్కటి గెలుపు నేను మళ్లీ చూడలేదు. నన్ను బండిలో పడేసి తీసుకుపోతుంటే నేనూ పాడాను."

"మరి?"

"మరి ఏముంది, మర్నాడు నడిచారు. అంతకుముందూ అంతే. వార్సా పట్టుకున్నాం, నడిచాం. క్రాకో పట్టుకున్నాం, నడిచాం. పోలండు వాళ్ల రాజుని దింపి మనకు నచ్చినవాణ్ణి కూర్చోబెట్టాం. వాణ్ణి కుర్చీలో నిలబెట్టడానికి మళ్లీ నడిచాం. ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ రష్యావాడు ఏం చేశాడో తెలుసా? వాణ్ణి మేం మొదట్లోనే చితక్కొట్టాం. మీ పెద్దబావ పోయిన రోజు. పని అయిపోయిందనుకుని అటు తిరిగిపోయాం. వాడు మన తీరంలోనే, మన బురదలోనే, ఊరు కట్టుకున్నాడు. కొత్త ఫిరంగులు పోయించుకున్నాడు. ఇప్పుడు మాస్కో పోయి కొడతామంటే వాడు ఎదురు నిలబడడు. ఊళ్లు తగలబెట్టుకుంటూ వెనక్కి పోతాడు. మీరు గెలుస్తూ వెళ్లండి అంటాడు."

హోకన్ నవ్వు సగంలో ఆగింది.

"మా పాత కెప్టెన్ ఒకాయన ఉండేవాడు," అన్నాడు అర్విద్. "కొట్లాటకి ముందు ఒక్కటే అడిగేవాడు. గెలిస్తే రేపు ఎక్కడ తింటాం? దానికి జవాబు లేకపోతే గెలవడం ఎందుకనేవాడు. ఆయన్ని ఇంటికి పంపేశారు. పిరికివాడని."

"నేను ఇక్కణ్ణించి వెళ్తే మనవాళ్లని ఎక్కడ కలుసుకుంటాను?" అన్నాడు హోకన్.

"ముందు ఓడలో రీగా రేవుకి పంపుతారు. అక్కణ్ణించి సైన్యం ఎక్కడుంటే అక్కడికి."

"ఎక్కడుంటుంది?"

అర్విద్ గరిటె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "చెప్పేవాళ్లుంటే నేనూ వింటాను," అన్నాడు.

తిరుగు దారిలో హోకన్ అక్క పక్కనే నడిచాడు. సగం దూరం వచ్చాక, చిన్న బావకి ఈత రాదు కదా అన్నాడు. రాదంది మాలిన్.

ఆదివారం పాస్టరుగారి గదిలో యోన్స్ చెయ్యి చాపాడు. హోకన్ తన చేతులు వెనక్కి పెట్టుకుని, నేను రానన్నాడు. ఎందుకు రావని అడిగారు. ఇష్టం లేదన్నాడు. యజమాని ఇంట్లో పనిలో ఉన్న పాలేరుని వాడి ఇష్టం లేకుండా సిపాయిగా పట్టుకుపోయే హక్కు ఎవరికీ లేదు. ఆ సంగతి పాస్టరుగారికీ తెలుసు, యోన్స్‌కీ తెలుసు. యోన్స్ చాపిన చెయ్యి అలాగే ఉంచి, చివరకు దాంతోనే తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మాలిన్ పిల్లలకి పాలు పోసి జావ కాచింది, పైన కాస్త వెన్న కూడా వేసింది. పాక పోతుంది, పోనీ అనుకుంది. రెండు పారిషుల అవతల, అంటే రెండు చర్చిల ఊళ్లు దాటాక, మేనత్త ఉంది, గొడ్లపాకలోనైనా చోటిస్తుంది. తమ్ముడు మిగిలాడు. ఇద్దరు మూదిగ్‌లని పోగొట్టుకుంది గానీ మూడోవాడు తన తమ్ముడు కాలేదు. జావ గిన్నెలు కడుగుతూ, ఎన్నాళ్లకో, తనలో తాను పాడుకుంది.

సోమవారం పొద్దున్నే హోకన్ వచ్చాడు. వాడు పని మానేసి ఆ వేళప్పుడు ఎప్పుడూ రాడు.

"యోన్స్ బాబాయ్ నన్ను తీసేశాడక్కా. మైకేల్ పండక్కి నా ఏడాది అయిపోతుంది. మళ్లీ పెట్టుకోనన్నాడు."

చేతిలో ఉన్న బకెట్టు మాలిన్ కింద పెట్టింది. అప్పుడు గానీ ఆమెకు తట్టలేదు. పాలేర్ల ఏడాది పండక్కి ముగుస్తుంది. ఆ తర్వాత ఒక్క వారం గడువు. ఆ వారంలో కొత్త యజమాని దొరకాలి. దొరకనివాడు దిక్కులేనివాడి కింద లెక్క. దిక్కులేనివాణ్ణి రాజుగారి తరఫు అధికారి, అమీను, పట్టుకుని ఏ ఖాళీ నంబరులోనైనా పడేయొచ్చు. వాడి ఇష్టం అడగరు. దూడా ఇవ్వరు, బూట్లూ కుట్టించరు.

ఇదంతా ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలిసిందే. పనిలోకి చేరే పాలేర్లనూ, మూటలు మోసుకుంటూ ఇళ్లు మారే పనమ్మాయిలనూ ప్రతి ఏడూ ఆ వారంలో చూస్తూనే ఉంది. వాడిచేత వద్దనిపించడం ఒక్కటే చూసుకుంది. వద్దన్న మర్నాడు వాడు ఎక్కడ నిలబడతాడో ఆలోచించనే లేదు.

అప్పట్నుంచి ఆమె కాలు నిలవలేదు. జట్టులో మిగిలిన మూడిళ్లకీ వెళ్లింది. మూడు చోట్లా మర్యాదగా కూర్చోబెట్టి, ఈ ఏడు మనిషి అక్కర్లేదన్నారు. హోకన్‌ని పెట్టుకుంటే ఖాళీ నంబరు తమ గుమ్మంలోకే వస్తుందని వాళ్ల భయం. పండగ వెళ్లిపోయింది. గడువు వారంలో రెండో రోజున పక్క పారిషులో మిల్లు నడుపుకునే వితంతువు ఒకామె, కుర్రాడు గట్టివాడైతే పంపమంది. మాలిన్ ఆ పది మైళ్లూ పరుగులాంటి నడకతో తిరిగొచ్చింది. అయితే పాత యజమాని విడుదల చీటీ ఇవ్వాలి. ఆ చీటీ చూసి పాస్టరుగారు పారిషు మారే కాగితం రాయాలి. ఆ కాగితం లేనివాణ్ణి మిల్లామె గడప తొక్కనివ్వదు. తొక్కనిస్తే ఆమెకే జరిమానా.

యోన్స్ చీటీ ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. ఈ రోజు తీరిక లేదన్నాడు. మర్నాడు కళ్లజోడు కనబడలేదన్నాడు. ఐదో రోజు మాలిన్ అతని పశువుల కొట్టం ముందు నిలబడి కదలనంది.

"ఆరేళ్లు మీ ఇంట్లో గొడ్డులా చేశాడు బాబాయ్. ఒక్క చీటీ."

యోన్స్ పార కింద ఆనించి, దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. లోపల అతని కొడుకు మాట్స్ ఆవులకి గడ్డి వేస్తూ ఇటు చూడకుండా ఉన్నాడు.

"నాకూ ఒక్కడే కదే," అన్నాడు మెల్లగా. "నీ తమ్ముడు పోకపోతే వీడు పోవాలి. నువ్వు నా చోట ఉంటే చీటీ రాస్తావా? నిజం చెప్పు."

"మీరేగా ఇంకొక్క దెబ్బతో అయిపోతుందన్నారు. ఊరికే తిరిగొచ్చేదానికి మాట్స్‌ని పంపడానికేం?"

అతను పార తీసుకుని పేడ ఎత్తడం మొదలుపెట్టాడు. మాలిన్ అక్కడే నిలబడింది. కొట్టంలో గడ్డి వేస్తున్న చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది.

ఆమె తమ్ముణ్ణి తీసుకుని అర్విద్ దగ్గరికి పోయింది. అతను విని, తల వంచుకున్నాడు. "నాకూ తట్టలేదమ్మా. వాడు వద్దంటే చాలనుకున్నా. కార్పొరల్‌ని కదా, ఆ పూట కొట్లాట వరకే చూడ్డం నేర్పారు," అన్నాడు. నార్వే సరిహద్దు అడవిలోకి పారిపోతే ఎలా ఉంటుందో ముగ్గురూ కలిసి ఆలోచించారు. అడవిలో దొరికితే పట్టించినవాడికి బహుమానం, దొరక్కపోతే మంచు. పైగా పారిపోయినవాడి అక్కకి ఏ పారిషులోనూ చోటుండదు. హోకనే వద్దన్నాడు.

ఏడో రోజు పొద్దు వాలుతుండగా మాట్స్ పరిగెత్తుకుంటూ వచ్చి, మడిచిన చీటీ మాలిన్ చేతిలో పెట్టి, వచ్చిన పరుగునే వెళ్లిపోయాడు. తండ్రే ఇచ్చి పంపాడో, వాడే తెచ్చాడో ఆమె అడగలేదు. అక్కా తమ్ముడూ చర్చికి పరుగెత్తారు. పాస్టరుగారు ప్రాణం పోతున్నవాళ్ల దగ్గరికి సరస్సు అవతలికి వెళ్లారు, రేపు వస్తారని ఆయన భార్య చెప్పింది. ఆమె కూడా బాధపడింది. రాత్రికి ఉండిపొమ్మంది గానీ, ఉండి చేసేదేముంది?

మర్నాడు పాస్టరుగారికంటే ముందు అమీను వచ్చాడు. ఇద్దరు మనుషుల్ని వెంట తెచ్చుకున్నాడు గానీ అవసరం రాలేదు. హోకన్ పాక ముందు కట్టెలు కొడుతున్నాడు. విడుదల చీటీ చూపిస్తే అమీను శ్రద్ధగా రెండువైపులా చదివాడు.

"అంటే నీకు యజమాని లేడన్నమాటేగా ఇది చెప్తోంది," అన్నాడు.

అలా హోకన్ మూదిగ్ అయ్యాడు. పాక అతనిదైంది కాబట్టి మాలిన్ కదలక్కర్లేకుండా పోయింది. యోన్స్ మొదట అడిగినప్పుడు సరే అనుంటే ఏం జరిగేదో ఇప్పుడూ అదే జరిగింది. దూడా బూట్లూ మాత్రం రాలేదు.

కొత్తవాళ్లందరినీ బాట కలిసే చోట పోగుచేసి నడిపించుకుపోతున్నారు. మాలిన్ అక్కడిదాకా వెళ్లింది. చుట్టుపక్కల పారిషుల నుంచి పద్నాలుగు మంది ఉన్నారు. ఎవరో పాట మొదలుపెట్టారు గానీ ఎవరూ అందుకోకపోవడంతో ఆపేశారు. ఆమె తెచ్చిన రొట్టెల మూట హోకన్ భుజానికి తగిలించుకున్నాడు. అది ఎన్ని రోజులకి వస్తుందో ఇద్దరికీ తెలుసు.

"నేను సరే అనుంటే నీకు దూడైనా ఉండేది," అన్నాడు.

"ఊరుకో."

"నిన్ననట్లేదక్కా. నేనూ అంతే. వద్దనగానే గెలిచేశాననుకున్నా." మూట తాడు బిగించుకున్నాడు. "అక్కడ ఎవడైనా గెలిచామని గంతులేస్తే, రేపెక్కడ తింటాంరా అని అడుగుతా. తన్నినా సరే."

ముందున్న అధికారి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. మూదిగ్ అనగానే హోకన్ వెంటనే పలకలేదు. రెండోసారి పిలిచాక పలికి, వరసలోకి వెళ్లి నిలబడ్డాడు. వాడి ముందు నిలబడ్డవాడు పొడుగ్గా ఉన్నాడు. బాట వంపు తిరగకముందే మాలిన్‌కి తమ్ముడి తల కనబడటం మానేసింది.